ఇంట్లోనే వీల్ అలైన్‌మెంట్: టేపుకు అందేదెంత, అందనిదెంత

వానాకాలం ముగిసేసరికి టైరు షాపుల ముందు కార్ల వరుస పెరుగుతుంది. గుంతలో పడ్డప్పటి నుంచి స్టీరింగ్ ఒక పక్కకు లాగుతోందని కొందరు వస్తారు. టైరు లోపలి అంచు మాత్రమే అరిగిపోయిందని కొందరు వస్తారు. ఇదే సమయంలో ఫోన్లలో మరో రకం వీడియోలు తిరుగుతుంటాయి. కారు చుట్టూ దారం కట్టి, టేపుతో కొలిచి, పానాతో రెండు నట్లు వదులు చేసి సరిచేస్తారు. ఇక షాపుకు వెళ్ళే పనే లేదంటారు. షాపువాళ్ళేమో కెమెరాలు, కంప్యూటర్ లేకుండా అలైన్‌మెంట్ కుదరదంటారు.

రెండు మాటల్లోనూ నిజం ఉంది. ఏ కొలత గురించి మాట్లాడుతున్నారో ఇద్దరూ చెప్పకపోవడంతోనే తికమక మొదలవుతుంది. అలైన్‌మెంట్ అంటే ఒక్క కొలత కాదు. అందులో ఒకటి ఇంట్లోని టేపుకు బాగా అందుతుంది. ఇంకొకటి మన నేల ఎంత సమంగా ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. మరొకటి ఇంట్లో దాదాపు దొరకదు. పైగా కొలవడం ఒక పని, సరిచేయడం వేరే పని. ఈ రెండింటినీ విడివిడిగా చూస్తే చాలా చిక్కుముళ్ళు వాటంతటవే విడిపోతాయి.

బ్యాలెన్సింగ్ వేరు, అలైన్‌మెంట్ వేరు

రెండూ ఒకే షాపులో, చాలాసార్లు ఒకే బిల్లులో జరుగుతాయి కాబట్టి చాలామంది వీటిని ఒకటే అనుకుంటారు. టైరు, రిమ్ము కలిపిన బరువు చుట్టూ సమంగా లేకపోతే వేగంలో చక్రం అదురుతుంది. దాన్ని సరిచేయడానికి రిమ్ముకు చిన్న బరువులు అతికిస్తారు. అది బ్యాలెన్సింగ్. గంటకు 80, 100 కిలోమీటర్ల దగ్గర స్టీరింగ్ వణుకుతోందంటే ముందు అనుమానించాల్సింది దాన్నే. అలైన్‌మెంట్ అంటే చక్రాలు ఏ దిక్కు చూస్తున్నాయి, ఎటు ఒరిగి ఉన్నాయి అన్న లెక్క. స్టీరింగ్ వంకరగా ఉండటం, బండి ఒక పక్కకు లాగడం, టైరు ఒక అంచున అరగడం దీని లక్షణాలు.

బండి లాగిన ప్రతిసారీ తప్పు అలైన్‌మెంట్‌దే కాకపోవచ్చు. ఒక టైరులో గాలి తక్కువైనా, ఒక బ్రేకు పట్టేసినా, టైరు తయారీలోనే తేడా ఉన్నా బండి లాగుతుంది. మన రోడ్లకు నీరు పోవడానికి అంచుల వైపు వాలు ఇస్తారు. మనం నడిపేది ఎడమ పక్కన కాబట్టి బండి కాస్త ఎడమకు జరగడం సహజం. గాలి చూసుకోకుండా అలైన్‌మెంట్‌కు వెళ్ళడమంటే సగం డబ్బు ఊరికే పోగొట్టుకోవడమే.

మూడు కోణాలు

మొదటిది టో. మీరు నిలబడి మీ పాదాలను పైనుంచి చూసుకోండి. బొటనవేళ్ళు ఒకదానివైపు ఒకటి తిరిగి ఉంటే అది టో ఇన్, బయటికి తిరిగి ఉంటే టో అవుట్. చక్రాలూ అంతే. రెండు ముందు టైర్ల మధ్య దూరాన్ని ముందు అంచున ఒకసారి, వెనక అంచున ఒకసారి కొలిస్తే వచ్చే తేడాయే టో. దాన్ని మిల్లీమీటర్లలోనైనా చెప్పవచ్చు, డిగ్రీల్లోనైనా చెప్పవచ్చు.

ఆగి ఉన్న బండి టో, నడిచే బండి టో ఒకటి కావు. సస్పెన్షన్‌లో, అంటే చక్రాలను బండికి కలిపే అమరికలో, కీళ్ళ దగ్గరుండే రబ్బరు బుష్‌లు బలానికి కొద్దిగా సాగుతాయి. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని లాంటి బండ్లను వెనక చక్రాలు తోస్తాయి. నడిచేటప్పుడు ముందు చక్రాలు వెనక్కి నెట్టబడి బయటికి తెరుచుకోవాలని చూస్తాయి. అందుకే వాటికి ముందే కొంచెం టో ఇన్ పెడతారు. 1983లో వచ్చిన మారుతి 800 నుంచి మన చిన్న కార్లలో చాలావాటిని ముందు చక్రాలే లాగుతున్నాయి. వాటిలో ఈ బలం దిశ మారుతుంది. కాబట్టి చాలావాటికి టో సున్నా చుట్టుపక్కలే ఉంటుంది. పాత మెకానిక్ చెప్పిన కొలత కొత్త కారుకు పనికిరాకపోవడానికి ఇదొక కారణం.

రెండోది క్యాంబర్. కారుకు ఎదురుగా నిలబడి చూస్తే చక్రం పైభాగం లోపలికి ఒరిగిందా, బయటికి ఒరిగిందా అన్నది. లోపలికైతే నెగెటివ్, బయటికైతే పాజిటివ్. ఎక్కువైతే టైరు ఒక పక్కనే నున్నగా అరుగుతుంది. రెండు వైపులా తేడా ఉంటే, ఎటు పాజిటివ్ ఎక్కువో బండి అటు లాగుతుంది.

మూడోది క్యాస్టర్. ఇది పక్కనుంచి చూసేది. సైకిల్ ముందు ఫోర్కు నిటారుగా ఉండదు, కింది కొస ముందుకు వాలి ఉంటుంది. హ్యాండిల్ వదిలేసినా సైకిల్ నేరుగా పోవడానికి ఆ వాలు సాయపడుతుంది. మలుపు తిరిగాక కారు స్టీరింగ్ దానంతటదే మధ్యకు రావడంలోనూ ఈ కోణానిదే పెద్ద పాత్ర. క్యాస్టర్ తేడా టైరును పెద్దగా తినదు కానీ, తక్కువ ఉన్న వైపుకు బండిని లాగుతుంది.

చిన్న కార్లలో తిప్పగలిగేది ఒక్కటే

స్విఫ్ట్, వ్యాగన్ఆర్, ఐ20, టియాగో లాంటి కార్లలో ముందువైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు కాలు), వెనకవైపు టోర్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలనూ కలిపే అడ్డ దూలం) ఉంటాయి. ముందు చక్రాల టో మార్చడానికి స్టీరింగ్ కదలికను చక్రానికి అందించే కడ్డీ, అంటే టై రాడ్ మీద మర, లాక్ నట్టు ఇచ్చారు. మామూలుగా క్యాంబర్‌కు, క్యాస్టర్‌కు తిప్పే నట్టు లేదు. వెనక బీమ్ ఒకే ముక్క కాబట్టి అక్కడ కూడా సాధారణంగా తిప్పడానికేమీ ఉండదు. బీమ్ వంగితే మార్చాల్సిందే.

ఇంట్లో చేసుకుంటామనేవాళ్ళకు ఇదే బలమైన వాదన. మార్చగలిగేది ముందు టో ఒక్కటే, అదేమో టేపుకు అందుతుంది, ఇక మిగిలిన కొలతలు ఎందుకని అడుగుతారు. దీనికి జవాబు కూడా ఉంది. సరిచేయలేని కోణాన్ని కొలవడం వల్ల ఏ భాగం వంగిందో తెలుస్తుంది. క్యాంబర్ ఒక వైపే ఒక డిగ్రీ తప్పిందంటే స్ట్రట్టో, చక్రాన్ని కిందివైపు పట్టి ఉంచే లోయర్ ఆర్మో, చక్రం బిగించే నకులో వంగి ఉండవచ్చు. దాన్ని వదిలేసి టో ఒక్కటీ సరిచేస్తే టైరు తినడం ఆగదు.

టో ఇంట్లో ఎందుకు దొరుకుతుంది

టో అనేది రెండు కొలతల తేడా. అసలు రహస్యం అంతా ఇందులోనే ఉంది. టేపు కొసన ఉండే కొక్కెం కాస్త వదులుగా కదులుతుంది. పాత టేపు అర మిల్లీమీటరు సాగి ఉండవచ్చు. అయినా ముందు కొలతలోనూ, వెనక కొలతలోనూ అదే తప్పు వస్తుంది. ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే ఆ తప్పు పోతుంది. నేల కొద్దిగా వాలుగా ఉన్నా తేడా మీద పెద్దగా ప్రభావం పడదు.

రిమ్ము వంగి ఉంటే? దానికి పాతకాలం నుంచీ ఒక చక్కటి ఉపాయం ఉంది. రెండు ముందు టైర్ల మీద, ముందు అంచున, ఇరుసు ఎత్తులో సుద్దతో చెరొక గుర్తు పెట్టి వాటి మధ్య దూరం కొలుస్తారు. తర్వాత గుర్తులు వెనక అంచుకు చేరేదాకా, అంటే చక్రం సగం చుట్టు తిరిగేదాకా బండిని ముందుకు తోసి, అవే రెండు గుర్తుల మధ్య మళ్ళీ కొలుస్తారు. రెండుసార్లూ టైరు మీది అవే బిందువులు కాబట్టి రిమ్ము వంకర లెక్కలోకి రాదు. షాపులో కెమెరాలతో కోణాలు చూసే 3డి మెషీన్ కొలిచే ముందు బండిని ముందుకూ వెనక్కూ తోయించేది కూడా ఈ తప్పును తీసేయడానికే. సుద్ద గీత మందంగా ఉంటుంది కాబట్టి, చక్రం పైకెత్తి తిప్పుతూ టైరు మధ్యలో మేకు మొనతో సన్నని గీత గీసేవాళ్ళూ ఉన్నారు.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. ఇరుసు ఎత్తులో ఇంజిన్, బంపర్ లాంటివి అడ్డొచ్చి టేపు నేరుగా పట్టడం కుదరదు. కిందకు దించి కొలిస్తే తేడా తగ్గి కనిపిస్తుంది. టైరు వ్యాసం 600 మి.మీ. అనుకుందాం. ఇరుసుకు 150 మి.మీ. కింద కొలిస్తే ముందు బిందువుకూ వెనక బిందువుకూ మధ్య దూరం 520 మి.మీ. మాత్రమే. ఇరుసు ఎత్తులో 4 మి.మీ. ఉన్న టో అక్కడ మూడున్నరగా కనిపిస్తుంది. కొలిచిన ఎత్తు రాసుకోకపోతే కంపెనీ ఇచ్చిన అంకెతో పోల్చడం తప్పుతుంది.

నాలుగు మిల్లీమీటర్లు టైరును ఏం చేస్తాయి

ముందు కొలత 1,462, వెనక కొలత 1,466 మి.మీ. వచ్చాయనుకుందాం. తేడా 4 మి.మీ., ముందు తక్కువ కాబట్టి టో ఇన్. ఒక్కో చక్రం వాటా 2 మి.మీ. టైరు వ్యాసం 600 కాబట్టి ఒక్కో చక్రం తను చూడాల్సిన దిక్కుకు 600లో 2 వంతులు, అంటే 300లో ఒక వంతు పక్కకు చూస్తోంది.

బండి 300 మీటర్లు నడిచేసరికి ప్రతి ముందు టైరూ ఒక మీటరు మేర పక్కకు పోవాలని చూస్తుంది. రెండో చక్రం ఎదురు దిక్కుకు లాగుతుంది కాబట్టి బండి నేరుగానే పోతుంది. ఆ ఒక మీటరూ రబ్బరు రోడ్డుకు రాసుకోవడంలో తేలుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. ఒక్క ప్రయాణంలోనే ఆ టైరు 900 మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోయినట్టు లెక్క. స్టీరింగ్‌లో ఏ తేడా తెలియకపోయినా టైరు ఎందుకు అరుగుతుందో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది. రెండు చక్రాలూ సమంగా తప్పినప్పుడు బండి ఎటూ లాగదు. టైరు మీద అరచేయి అడ్డంగా రుద్దితే ఒక దిక్కున నున్నగా, రెండో దిక్కున రంపపు పళ్ళలా గరగర తగులుతుంది. నేను టైరు చూసేటప్పుడు కళ్ళకన్నా చేతినే ఎక్కువ నమ్ముతాను.

క్యాంబర్ దగ్గర నేల అడ్డొస్తుంది

క్యాంబర్ రెండు కొలతల తేడా కాదు. భూమికి నిటారు అంటే ఏదో తెలిస్తేనే అది తెలుస్తుంది. రిమ్ము పై అంచుకూ కింది అంచుకూ ఆనేలా ఒక నేరైన బద్ద పెట్టి, దాని మీద ఫోన్‌లోని లెవెల్ యాప్ చూడవచ్చు. తాపీ మేస్త్రీ వాడే తూకం గుండు వేలాడదీసి రెండు అంచులకూ దూరం కొలవవచ్చు. రిమ్ము 350 మి.మీ. ఉంటే ఒక డిగ్రీకి తేడా సుమారు 6 మి.మీ. వస్తుంది. అంటే సాధనం కష్టం కాదు.

కష్టమంతా నేలతోనే. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, ఇంటి ముందు వాకిళ్ళలో నీళ్ళు నిలవకుండా వాలు పెడతారు. నూటికి ఒకటి వాలు కంటికి కనిపించదు. కారు ముందు చక్రాల మధ్య దూరం 1.45 మీటర్లు అనుకుంటే ఆ వాలుకు ఒక చక్రం పద్నాలుగున్నర మిల్లీమీటర్లు కిందకు ఉంటుంది. కారు మొత్తం 0.57 డిగ్రీలు ఒరుగుతుంది. కింద ఉన్న వైపు చక్రం అంత పాజిటివ్‌గా, పైవైపు చక్రం అంతే నెగెటివ్‌గా చూపిస్తాయి. రెండింటి మధ్య డిగ్రీకి పైగా అబద్ధపు తేడా వస్తుంది. చాలా కార్లకు క్యాంబర్‌లో అనుమతించే వెసులుబాటే ఒక డిగ్రీ లోపు.

మేస్త్రీలు వాడే నీళ్ళ లెవెల్ పైపుతో నాలుగు చక్రాల చోట్లా మట్టం చూసి, తక్కువైన చోట పలకలు పెట్టుకోవచ్చు. లేదా బండిని అదే చోట వెనక్కి తిప్పి నిలిపి మళ్ళీ కొలిచి, ప్రతి చక్రానికీ రెండు అంకెల సగటు తీసుకోవచ్చు. ఒకసారి ఎక్కువ చూపిన వాలు రెండోసారి అంతే తక్కువ చూపుతుంది. క్యాస్టర్‌కు చక్రాలను చెరో దిక్కుకు ఇరవై డిగ్రీలు తిప్పి, క్యాంబర్ ఎంత మారిందో చూసి, దాన్ని ఒకటిన్నరతో గుణించే లెక్క ఉంది. కానీ చక్రాల కింద సులభంగా తిరిగే పళ్ళేలు లేకపోతే టైరు నేలకు పట్టుకుని అంకె చెడుతుంది. దానికన్నా తేలిక, రెండు వైపులా ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు దూరం కొలిచి పోల్చడం. గుంత దెబ్బకు లోయర్ ఆర్మ్ వెనక్కి వంగి ఉంటే ఆ వైపు దూరం తగ్గుతుంది.

వెనక చక్రాలు, వంకర స్టీరింగ్

బండి ఏ దిక్కుకు పోవాలో చివరికి తేల్చేది వెనక చక్రాలు. వెనక బీమ్ ఒక పక్కకు తిరిగి ఉంటే బండి పీతలా కాస్త ఏటవాలుగా నడుస్తుంది. నేరుగా పోవాలంటే డ్రైవరు స్టీరింగ్‌ను ఎప్పుడూ కొంచెం తిప్పి పట్టుకోవాలి. ముందు రెండు చక్రాల మధ్య టేపు పట్టి కొలిచే పద్ధతికి ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు.

కారు చుట్టూ దారం కట్టే పద్ధతి ఇందుకే వచ్చింది. ముందూ వెనకా రెండు గొట్టాలు అడ్డంగా పెట్టి, వాటి మీద సమాన దూరంలో గాట్లు చేసి, ఇరు పక్కలా సమాంతరంగా రెండు దారాలు లాగుతారు. అవి కారు మధ్య గీతకు సమదూరంలో ఉండేలా సర్ది, ప్రతి రిమ్ము ముందు అంచు నుంచీ, వెనక అంచు నుంచీ దారానికి దూరం కొలుస్తారు. ముందు రెండు చక్రాల మధ్య దూరం, వెనక రెండు చక్రాల మధ్య దూరం చాలా కార్లలో ఒకటి కావు. అది గమనించకుండా నాలుగు చక్రాలకూ దారం ఒకే దూరంలో ఉంచితే దారాలు సమాంతరంగా రావు. అప్పుడు తీసిన ప్రతి అంకే తప్పవుతుంది.

పానా పట్టినప్పుడు మారే లెక్కలు

టై రాడ్ మర అంతరం (ఒక చుట్టుకు మర జరిగే దూరం) 1.5 మి.మీ., టై రాడ్ తగిలి చక్రాన్ని తిప్పే స్టీరింగ్ ఆర్మ్ పొడవు 130 మి.మీ. అనుకుందాం. టై రాడ్‌ను ఒక చుట్టు తిప్పితే చక్రం దాదాపు 0.66 డిగ్రీలు తిరుగుతుంది. 600 మి.మీ. టైరు మీద అది ఏడు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. పై ఉదాహరణలో ఒక్కో చక్రానికి కావలసింది 2 మి.మీ., అంటే పావు చుట్టు కన్నా కొంచెం ఎక్కువ. ఇంత చిన్న కదలికకు కంటి అంచనా చాలదు.

ఎటు తిప్పాలన్నది కూడా అన్ని కార్లకూ ఒకటి కాదు. టై రాడ్లను అటూ ఇటూ జరిపే స్టీరింగ్ ర్యాక్ ఇరుసుకు వెనక ఉంటే టై రాడ్ పొడవు పెంచినప్పుడు టో ఇన్ అవుతుంది, ముందు ఉంటే టో అవుట్ అవుతుంది. ఒక కారు వీడియో చూసి ఇంకో కారుకు చేస్తే తప్పు రెట్టింపు కావడం ఇక్కడే.

మొత్తం 4 మి.మీ.ను ఒక్క వైపే సరిచేస్తే? టో సున్నాకు వస్తుంది, టైరుకు మేలే. కానీ నేరుగా పోయేటప్పుడు చక్రాలు రెండూ 0.19 డిగ్రీలు తిరిగి సర్దుకుంటాయి. స్టీరింగ్ నిష్పత్తి 16:1, అంటే స్టీరింగ్ 16 డిగ్రీలు తిప్పితే చక్రం ఒక డిగ్రీ తిరుగుతుంది అనుకుంటే చేతిలో స్టీరింగ్ మూడు డిగ్రీలు వంకరగా నిలుస్తుంది. దాన్ని నిటారుగా కనిపించేలా చేయడానికి కొందరు స్టీరింగ్ చక్రాన్నే ఊడదీసి తిప్పి బిగిస్తారు. ఇది చాలా తప్పు. దానిలో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. బండి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఉన్న కార్లలో స్టీరింగ్ ఎంత తిరిగిందో చెప్పే సెన్సర్ కూడా ఉంటుంది. లేన్ గమనించే కెమెరాలున్న ఎక్స్‌యూవీ 700 లాంటి బండ్లలో మధ్యబిందువు మారితే ఆ వ్యవస్థకు మళ్ళీ నేర్పాల్సి వస్తుంది. ఆ పనికి స్కానర్ కావాలి, టేపు సరిపోదు.

జాకీ దింపిన వెంటనే కొలిచినా అంకె తప్పుతుంది. గాలిలో వేలాడిన చక్రాలు నేలకు తగిలాక లోపలికి లాక్కుని ఉంటాయి. బండిని కొన్ని మీటర్లు ముందుకూ వెనక్కూ తోశాకే సస్పెన్షన్ తన చోటికి వస్తుంది. స్టాండ్లు లేకుండా ఒక్క జాకీని నమ్మి కారు కింద దూరడం మాత్రం ఏ లెక్కకూ విలువైన పని కాదు.

ఇద్దరి వాదనా ఎంతవరకు

ఇంటి పద్ధతిని సమర్థించేవాళ్ళు రేసు జట్లను చూపిస్తారు. నిజమే, ట్రాక్ దగ్గర ఇప్పటికీ దారాలు కట్టి కొలుస్తారు. కానీ వాళ్ళు ముందు నాలుగు చక్రాల కిందా మట్టం సరిచేసిన పళ్ళేలు పెట్టుకుంటారు. మెషీన్ కూడా దాన్ని నడిపే మనిషిని మించి పని చేయదన్నది వాళ్ళ రెండో మాట. కారు మోడల్ తప్పుగా ఎంచినా, చక్రాలకు తగిలించే మెషీన్ బిగింపులు సరిగ్గా కూర్చోకపోయినా, టై రాడ్ కొసన ఉండే కీలులో లూజు చూడకపోయినా తెర మీద అంతా సరే అన్న పచ్చరంగు వస్తుంది, రోడ్డు మీద ఫలితం రాదు. ఇది కూడా నిజం.

చిన్న కారుకు కొన్ని వందల రూపాయలకే నాలుగు చక్రాల కొలతలూ ఒకేసారి వస్తుంటే ఒక పూటంతా ఎందుకన్నది షాపు పక్షం. నా దృష్టిలో సరిచేసే పనికి ఈ మాటే బరువైనది. కొలిచే పనికి మాత్రం కాదు. గుంతలో పడ్డ సాయంత్రమే పావుగంటలో టో చూసుకోగలిగితే, టైరు అరిగేదాకా ఆగక్కర్లేదు.

ఇంట్లో తీసిన కొలత ఎక్కువగా పనికొచ్చేది షాపులో క్యాంబర్ కరెక్షన్ మాట వచ్చినప్పుడు. తిప్పే నట్టు లేని కార్లలో ఈ కరెక్షన్‌ను చాలాచోట్ల హైడ్రాలిక్ జాకీ బిగించి స్ట్రట్టునో, దాని బ్రాకెట్‌నో వంచి చేస్తారు. గుంత దెబ్బకు వంగినదాన్నే వెనక్కి వంచుతున్నామని చేసేవాళ్ళు అంటారు. కొత్త స్ట్రట్టు ఖర్చుతో పోలిస్తే ఇది చాలా చవక, కస్టమర్లే అడుగుతారని కూడా చెబుతారు. ఒకసారి వంగిన ఇనుమును మళ్ళీ వంచితే బలం తగ్గుతుందని, షాక్ అబ్జార్బర్ సీలు, రాడ్డు దెబ్బతింటాయని ఎదుటివాళ్ళ వాదన. నాకు రెండో వాదనే సరైనదనిపిస్తుంది. వంగిన భాగాన్ని మార్చడమే దారి. అంతకన్నా ముందు అసలు అది వంగిందా అన్నది తేలాలి.

షాపు కాగితం మీద అంకెలు

మెషీన్ ఇచ్చే ప్రింటులో ముందు, తర్వాత అని రెండు వరుసలుంటాయి. చాలామంది రెండో వరుసలోని పచ్చ అంకెలు చూసి వచ్చేస్తారు. ఇంట్లో కొలిచిన మనిషికి మొదటి వరుస ముఖ్యం. అక్కడ కోణాలు తరచుగా డిగ్రీలు, నిమిషాల్లో ఉంటాయి. అరవై నిమిషాలు ఒక డిగ్రీ. కాబట్టి 0°10′ అంటే 0.10 డిగ్రీ కాదు, 0.17 డిగ్రీ. 0.10 డిగ్రీ అంటే ఆరు నిమిషాలే. టో ఒక్కో చక్రానికి విడిగానూ, మొత్తంగానూ ఇస్తారు. ఒకదాన్ని ఇంకొకటిగా చదివితే సరిగ్గా రెట్టింపు తప్పు వస్తుంది.

మన ఉదాహరణలో టేపు మీద వచ్చిన 4 మి.మీ. మొదటి వరుసలో మొత్తం టో 0°23′ దగ్గరగా కనిపించాలి. స్టీరింగ్ నిటారుగా పట్టి కొలిచి ఉంటే అందులో ఒక్కో చక్రం వాటా దాదాపు 0°11′. ఒకటి రెండు నిమిషాల తేడా టేపుదే అనుకోవచ్చు. అక్కడ మొత్తం 0°04′ ఉంటే, లేదా ఇంట్లో రెండు దిక్కులా నిలిపి సగటు తీసిన క్యాంబర్ ఇరువైపులా ఒకటే వచ్చి, కాగితం మీద ఒక వైపు డిగ్రీ తప్పిందని ఉంటే, బిగింపులు తీసి పెట్టి ఇంకోసారి కొలవమని అడగాలి. స్ట్రట్టుకు జాకీ తగిలించక ముందే.